వెల్డాకి తగిలిన పర్మిట్

ఎల్డన్ ప్రూయిట్ పద్దెనిమిదేళ్లుగా ఒకే పర్మిట్ కోసం చీటీ వేస్తున్నాడు. నవంబరులో మగజింకలు జత కోసం ఒళ్లు మరచి తిరిగే రెండు వారాలు, ఒవైహీ ఎడారి కొండల్లో గాడిద చెవుల్లాంటి చెవులుండే మ్యూల్ జింకను వేటాడేందుకు ఇచ్చే పర్మిట్ అది. ఏటా ఇరవై మందికే ఇస్తారు. ఏటా జూలైలో లాటరీ ఫలితం వస్తుంది, ఏటా అందులో అతని పేరు ఉండదు. ఆ ఏడాది కూడా లేదు. అతని భార్య పేరు ఉంది.

వెల్డా చీటీ వేయడం అది మూడోసారి.

"ఎల్డన్, ఓసారి ఇట్రా! ఇది నేను సరిగ్గానే చదువుతున్నానా, కళ్లజోడు మార్చాలా?" అని వంటింట్లోంచి కేకేసింది.

అతను పంపులు బాగుచేసే షెడ్డులోంచి గ్రీజు చేతులతోనే వచ్చాడు. ఒకటికి రెండుసార్లు చదివాడు.

"సరిగ్గానే చదివావు. నక్క తోక తొక్కావు పో" అన్నాడు.

ఆమె అతన్ని గట్టిగా వాటేసుకుంది. జాకెట్టుకి గ్రీజు అంటుకుంటుందన్న సంగతి కూడా పట్టించుకోలేదు. ఎల్డన్ నవ్వాడు, వీపు తట్టాడు, ఆమె పోసిన కాఫీ తాగాడు. షెడ్డులోకి తిరిగెళ్లి పంపు మూతకి బోల్టు బిగిస్తూ బిగిస్తూ దాని తల తెంపేశాడు. ముప్పై ఏళ్ల పనిలో అతని చేతిలో అలా బోల్టు తెగడం ఎప్పుడూ జరగలేదు.

వెల్డాకి తుపాకి పట్టడం నేర్పింది అతనే. ఆమె వేసిన ప్రతి జింకనూ ముందు చూసింది అతనే. ఏ కొండ ఎక్కాలో, ఎక్కడ ఆగాలో అతనే చెప్పేవాడు. చివరికి "ఊఁ, ఇప్పుడు" అని చెవిలో అనేవాడు, ఆమె కాల్చేది. ఇరవై రెండేళ్లుగా అలాగే నడిచింది. స్కూలు బస్సు నడిపే వెల్డా అని క్లియర్ బెండ్ ఊళ్లో అందరికీ తెలుసు. వేటగాడంటే మాత్రం ఎల్డనే.

వారం తిరక్కుండానే ఊళ్లో హోటల్లో ఆ మాట పాకింది.

"ఏమయ్యా ఎల్డన్, ఈసారి గిన్నెలు తోమేది నువ్వేనటగా?" అన్నాడు కట్టెల మిల్లు లమార్.

"కాఫీ కూడా బాగా కాస్తా. పంపించమంటావా?" అన్నాడు ఎల్డన్. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. ఆ రోజు గుడ్లు సగం వదిలేసి లేచిపోయాడు.

మొదట్లో సన్నాహాలన్నీ అతనే చేతిలోకి తీసుకున్నాడు. బల్ల మీద మ్యాపులు పరిచాడు. తెల్లారకముందే లోయలో దిగి, గాలికి ఎదురుగా చెట్ల మధ్య మెల్లగా నడవాలన్నాడు. వెల్డా చెంపకి చెయ్యి ఆనించుకుని విన్నది.

"చెట్లెక్కడున్నాయి ఎల్డన్ అక్కడ?"

"చెట్లు లేని కొండలుంటాయా?"

"మ్యాపులో అంతా పసుపే కనిపిస్తోంది. ఆకుపచ్చ ఇంత ముక్క కూడా లేదు."

నిజమే. అతనికి తెలిసింది ఫర్ చెట్లు దట్టంగా పెరిగిన ఉత్తరాది కొండలు. ఒవైహీ వైపు అతనెప్పుడూ కాలు పెట్టలేదు. అయినా తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నట్టు మాట్లాడాడు. ఆమె వాదించలేదు. మర్నాడు ఆ ప్రాంతపు వన్యప్రాణి ఆఫీసుకి ఫోన్ చేసింది. అక్కడి అమ్మాయి ఒక నంబరిచ్చి, "డొమింగో ఉర్రుటియా అని, గొర్రెలు కాసిన పెద్దాయన. ఆయనకి తెలీని రాయి ఆ కొండల్లో లేదు. మాట్లాడేవాళ్లు దొరికితే వదలడు, కాస్త తీరిక చూసుకుని చెయ్యండి" అంది.

అప్పట్నుంచి ప్రతి గురువారం సాయంత్రం వెల్డా వరండాలో కూర్చుని డొమింగోతో మాట్లాడేది. ఒక నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని రాసుకునేది. మధ్యమధ్యలో గట్టిగా నవ్వేది. ఆ నవ్వు వంటింట్లో ఎల్డన్‌కి వినిపించేది. డెబ్బై ఆరేళ్ల ముసలాడు గొర్రెల గురించి ఏం చెబుతాడని అంత నవ్వు? అతను కుళాయి కిందకి గిన్నె నెట్టి, నీళ్లు చప్పుడయ్యేలా వదిలేవాడు.

"ఏమంటున్నాడు మీ గురువుగారు?" అని అడిగేవాడు, ఆమె లోపలికొచ్చాక.

"నడవొద్దంటున్నారు. ఎత్తు మీద కూర్చుని బైనాక్యులర్‌తో చూస్తూ ఉండాలట. మంచు పడ్డాక ఆడజింకల మందలు దక్షిణపు వాలుకి దిగుతాయట. మందని కనిపెట్టుకుని ఉంటే మగది దానంతటదే వస్తుందట."

"కూర్చుంటే జింకలు దొరికేటట్టయితే మా నాన్న కుర్చీలోంచే వంద జింకల్ని వేసేవాడు."

"గుడారానికి పొడుగు మేకులు తెచ్చుకోమన్నారు. గాలి మామూలుగా ఉండదట. చినుకు పడితే మాత్రం మట్టిరోడ్డు ఎక్కొద్దని మరీ మరీ చెప్పారు."

"నాలుగు చక్రాలూ లాగే ట్రక్కు ఎందుకుంది మరి?"

వెల్డా కలం తీసింది. మట్టిరోడ్డు మాట కూడా పుస్తకంలో రాసుకుంది.

సెప్టెంబరులో ఆమె పొరుగువాళ్ల గడ్డి పొలంలో ఇనుప పలక పెట్టుకుని దూరపు గురి సాధన మొదలెట్టింది. ఎల్డన్ వెనక నిలబడి భుజం దించమనీ, ఊపిరి వదలమనీ చెబుతూనే ఉన్నాడు. మూడు వందల గజాల నుంచి ఆమె ఐదుకి ఐదూ పలకని మోగించింది. తర్వాత అతను తుపాకి పట్టి బోర్లా పడుకున్నాడు. మూడే మోగాయి.

"గాలి మళ్లింది" అన్నాడు లేస్తూ.

"అవును, మళ్లింది" అంది వెల్డా. పొలంలో గడ్డిపరక కదలడం లేదు. ఆమె అలా ఒప్పేసుకోవడమే అతనికి ఎక్కువ మండింది.

అక్టోబరు మూడో వారంలో బోయిసీ పట్నంలో పంపు మోటారుకి తీగ చుట్టించుకొస్తానని చెప్పి ఎల్డన్ బయల్దేరాడు. బోయిసీ దాటాడు, ఆగలేదు. ఏడు గంటలు నడిపి ఒవైహీ కొండల్లోకి చేరాడు. ఆ ముసలాడి సాయం లేకుండానే తాను ఆ కొండల గుట్టు పట్టుకురాగలనని చూపించాలి, అంతే అతని ఆలోచన. ఎవరికి చూపించాలో మాత్రం ఆలోచించుకోలేదు.

ఆ సాయంత్రం ఎర్రరాళ్ల లోయ ఒకదాని అంచున దాన్ని చూశాడు. బూడిదరంగు సేజ్ పొదల్లోంచి లేచి నిలబడింది. మెడ దున్నపోతు మెడలా ఉంది. కొమ్ములు చెవులు దాటి రెండు వైపులా జానెడు జానెడు బయటికి పోయాయి. అరవై ఏళ్ల జీవితంలో అలాంటి మగజింకను అతను చూడలేదు. బైనాక్యులర్ దించలేదు. చూస్తూ ఉండగానే ఒక మాట మనసులోకొచ్చింది: ఇది వెల్డాకి చెప్పను.

రాత్రి ట్రక్కులోనే పడుకున్నాడు. తెల్లవారుజామున వాన పడింది. పొద్దున బండి తిప్పేసరికి ఆ తెల్లమట్టి రోడ్డు గోధుమపిండి ముద్దలా మారిపోయింది. పావుమైలు పోకుండానే నాలుగు చక్రాలూ ఇరుసుల దాకా దిగబడ్డాయి. మధ్యాహ్నం దాకా పారతో తవ్వాడు. మోకాలు పట్టేసింది. బూట్లకి ఒక్కోదానికీ పుచ్చకాయంత మట్టి పట్టింది.

అప్పుడు ట్రాక్టరు మీద ఒక ముసలాయన వచ్చాడు. నల్లటి గుండ్రని టోపీ, పక్కన ఒక కుక్క. బండినీ, పారనీ, ఎల్డన్‌నీ తీరిగ్గా చూశాడు.

"ఇంకొంచెం తవ్వితే భూమికి అటువైపు చైనాలో తేలేవాడివి" అన్నాడు. "గొలుసు పట్టుకో. పేరేంటి బాబూ?"

ఆయనెవరో ఎల్డన్‌కి అర్థమైపోయింది. నోట్లోంచి "రే" అని ఒక దొంగపేరు వచ్చింది.

డొమింగో ట్రక్కుని లాగి, అతన్ని ఇంటికి తీసుకెళ్లి, గొర్రెమాంసం పులుసూ చేతితో విరిచిన రొట్టే పెట్టాడు. వద్దంటే వినలేదు. మాటల్లో తానే ఎత్తుకున్నాడు.

"వచ్చే నెల ఉత్తరం నుంచి ఒకావిడ వస్తోంది. నలభై ఏళ్లలో ఎంతమందికో చెప్పాను గానీ, చెప్పింది విన్న మనిషి ఈవిడొక్కతే. మట్టిరోడ్డు సంగతి నీకెవరూ చెప్పలేదా?"

"చెప్పలేదు" అన్నాడు ఎల్డన్, పులుసులోకి చూస్తూ.

"వాళ్లాయన పెద్ద వేటగాడట. మరి ఆయన్నే అడగొచ్చుగా తల్లీ, ఈ ముసలాడితో నీకెందుకూ అన్నాను ఓసారి."

ఎల్డన్ చెంచా ఆగింది. "ఏమంది?"

"మా జిల్లాలో మా ఆయనంత వేటగాడు లేడండీ, కానీ ఆయన్ని అడిగితే నా వేట కాస్తా ఆయన వేట అయిపోతుంది అంది." డొమింగో రొట్టె ఇంకో ముక్క అతని ముందుకి తోశాడు. "తిను. చలికి వణుకుతున్నావు."

ఇంటికెళ్లే దారిలో ఎల్డన్ రెండుచోట్ల ట్రక్కు కడిగాడు. బోయిసీలో వానలు పడ్డాయా ఏం, ట్రక్కింత తళతళా మెరుస్తోందేమిటని వెల్డా అడిగింది. దుమ్ము పట్టిందని కడిగించానన్నాడు. ఆమె తలూపి వంటింట్లోకి వెళ్లింది. ఆ గురువారం ఆమె వరండాలో ఫోన్ పట్టుకుంటే అతను కుళాయి కట్టేసి చెవులు రిక్కించాడు. ఆమె లోపలికొచ్చి, "ఎవడో రే అట, రోడ్డు మీద దిగబడిపోతే డొమింగోగారు లాగారట. మొద్దు మనిషి అన్నారు" అని చెప్పి నవ్వింది. ఎల్డన్ గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు.

నవంబరు తొమ్మిదిన ఇద్దరూ ఒవైహీ చేరారు. నేల గడ్డకట్టింది కాబట్టి రోడ్డు రాయిలా ఉంది. పొడుగు మేకులతో వెల్డా గుడారం వేసింది. పర్మిట్ మర్నాటి నుంచి మొదలు. నాలుగు గంటలకి డొమింగో రొట్టె పట్టుకుని వచ్చాడు. వెల్డా పరుగున వెళ్లి అతని రెండు చేతులూ పట్టుకుంది.

"ఫోన్లో గొంతు వింటే ఇంకా పొడుగ్గా ఉంటారనుకున్నానండీ!"

"గొర్రెల వెనక నడిచి నడిచి అరిగిపోయానమ్మా."

ఆయన తల తిప్పాడు. ఎల్డన్‌ని చూశాడు. ట్రక్కుని చూశాడు. కుక్క నేరుగా వచ్చి ఎల్డన్ చెయ్యి నాకింది.

"మా ఆయన" అంది వెల్డా.

"పేరు?" అన్నాడు డొమింగో.

"ఎల్డన్."

"ఎల్డన్" అని నెమ్మదిగా పలికాడు ముసలాయన. చెయ్యి కలిపాడు, నొప్పెట్టేంత గట్టిగా. మంచు గురించి, మందలున్న వాలు గురించి వెల్డాకి చెప్పి, చీకటి పడకముందే వెళ్లిపోయాడు. వెళ్తూ, తన బండి దాకా సాగనంపిన ఎల్డన్‌తో, "నేను చెప్పనులే. అది నా పని కాదు" అన్నాడు.

బీన్స్ పళ్లెంలో వడ్డించుకుని కూర్చున్నాక ఎల్డన్ చెప్పేశాడు. బోయిసీ, వాన, రే, అన్నీ. వెల్డా తినడం ఆపలేదు.

"ఇంకా ఏదో ఉంది" అంది.

"ఒక మగజింకని చూశాను. అంతటిది పుట్టి ఎరగను. నీకు చెప్పకూడదనుకున్నాను."

"ఎందుకు?"

"నీకు దొరికిపోతుందని."

వెల్డా పళ్లెం కింద పెట్టింది.

"పద్దెనిమిదేళ్లు నువ్వు ఆ చీటీ వెయ్యడం చూశాను. నాది తగిలిన రోజు నీ మొహమూ చూశాను. ఆ బోల్టు తెగిన చప్పుడు కూడా విన్నాను" అంది వెల్డా. "ఏడవాలనిపిస్తే నా ముందు ఏడిస్తే సరిపోయేది ఎల్డన్. నిన్ను తిట్టి, కాఫీ పెట్టిచ్చేదాన్ని. ఏడు గంటలు నడుపుకుంటూ వచ్చి నా కొండ మీద దొంగచాటుగా తిరిగావు."

"ఎక్కడ చూశానో చెబుతాను."

"చెబితే ఇప్పుడే ఇంటికి పోతా. రేపట్నుంచి నువ్వు గుడారం దగ్గరే ఉండు. నేను ఎర్ర స్కార్ఫు ఊపితే రా. అంతదాకా రాకు."

మూడు రోజులు ఎల్డన్ గుడారం దగ్గరే ఉన్నాడు. కట్టెలు కొట్టాడు, గిన్నెలు తోమాడు. లమార్ చూస్తే చచ్చేంత నవ్వేవాడు. బైనాక్యులర్ పెడితే ఎదుటి గుట్ట మీద గోధుమరంగు చుక్కలా వెల్డా కనిపించేది. గంటలు గంటలు కదిలేది కాదు. ఆమె అంత కదలకుండా ఏం చూస్తోందో తనకి తెలీదు.  ఒకసారి ఆమె తల చప్పున ఎడమకి తిప్పింది. అతనూ బైనాక్యులర్ అటు తిప్పాడు. రాళ్లు తప్ప ఏమీ కనపడలేదు.

నాలుగో రోజు పొద్దున పది గంటలకి ఒక్కటే తుపాకి చప్పుడు వినిపించింది. ఎల్డన్ సంచి వీపున వేసుకుని నిలబడ్డాడు. ఇరవై నిమిషాలకి గుట్ట మీద ఎర్రగా ఊగింది.

వాలు ఎక్కేసరికి వెల్డా జింక పక్కన మంచులో కూర్చుని ఉంది. ఒక చెయ్యి దాని మెడ మీద వేసింది. కళ్లు తడిగా ఉన్నాయి. ఎల్డన్ చూపు ముందు కొమ్ముల మీదకి పోయింది. మంచివే. ఎడమవైపు ఒక కొన విరిగి ఉంది. తాను చూసినది కాదు, దానికంటే బాగా చిన్నది. లోపల ఏదో బరువు దిగినట్టయింది. ఆ దిగింది ఏమిటో తెలిసి తల దించుకున్నాడు.

"కళ్లతో కొలిచేశావా?" అంది వెల్డా.

"కొలిచాను."

"నువ్వు చూసినదానికంటే చిన్నదేగా?"

"చిన్నదే."

"సంతోషమా?"

అబద్ధం నాలిక చివరదాకా వచ్చింది. "కొంచెం" అన్నాడు.

వెల్డా అతన్ని అలాగే చూసింది. తర్వాత ముక్కు తుడుచుకుని, పగలబడి నవ్వింది. రెండు గుట్టల అవతల నుంచి ఆ నవ్వు తిరిగొచ్చింది.

"ఛీ, సిగ్గులేని మనిషి" అంది, ఒరలోంచి కత్తి తీస్తూ. "ఆ వెనక కాలు పట్టుకో. గట్టిగా పట్టు, జారనివ్వకు."

అతను మోకాళ్ల మీద కూర్చుని పట్టుకున్నాడు. ఎక్కడ కొయ్యాలో చెప్పబోయి నోరు మూసుకున్నాడు. ఆమె ఒక్కచోట కొంచెం వంకరగా కోసింది. దాన్నీ చూస్తూ ఊరుకున్నాడు, పళ్లు బిగించుకుని.

మాంసం మొయ్యడానికి రెండుసార్లు తిరగాల్సొచ్చింది. రెండోసారి అతని సంచిలో తొడలు, ఆమె సంచి మీద కొమ్ములు. బండరాళ్ల మధ్య దారి రెండుగా చీలిన చోట ఎల్డన్ ఆగిపోయి, కుడికా ఎడమకా అని అడిగాడు. "ఎడమ" అని ఆమె ముందు నడిచింది. ఆమె వీపు మీద కొమ్ములు ఊగుతుంటే, వాటినే చూసుకుంటూ అతను వెనకాల దిగాడు.