నాలుకకు మిరియం

మా కొండల్లో తొలిచూలు మనవడు నానమ్మ సొత్తు. నా మొదటి కొడుకునీ మా అత్తగారు ఇలాగే తీసుకుపోయింది. తల నెరిసినా వాడు నన్ను 'వదినా' అనే పిలుస్తాడు, ఆవిడే వాడికి అమ్మ. కాబట్టి నా చిన్నకొడుకు పెళ్ళాం బురుల్‌కు ఎర్మెక్ పుట్టినప్పుడు, వాడు నావాడేనని ఎవరూ నోరు విప్పి చెప్పనక్కర్లేకపోయింది. నడక రాగానే పాలు మాన్పించమన్నాను, రొమ్ముకు మిరియాల పొడి రాసుకోమన్నాను. రాసుకుంది. నోరు మండి వాడు ఏడుస్తూ నా ఒళ్ళోకి వచ్చాడు. ఆనాటి నుంచి నేను అమ్మను, అది వదిన. రెండిళ్ళూ ఒకే పెరట్లో ఉన్నా ఆ పిలుపులు మారలేదు.

ఈ వసంతంలో బురుల్ కడుపు మళ్ళీ నిలవలేదు. ఇక పిల్లలు పుట్టరని డాక్టరు తేల్చేసింది. పరామర్శకు వచ్చిన పక్కింటి కాన్షా టీ తాగుతూ, "పోన్లేవే, ఎర్మెక్ ఉన్నాడుగా" అంది.

"వాడు అత్తయ్య కొడుకు కదా" అంది బురుల్, మామూలుగానే.

కాన్షా వెళ్ళాక బురుల్, ఎర్మెక్ కోసం తను అల్లిన ఉన్ని చేతితొడుగులు తెచ్చి నా చేతిలో పెట్టింది. "మీరే అల్లారని చెప్పండత్తయ్యా. నేనంటే వేసుకోడు."

ఇచ్చిన బిడ్డను తిరిగి అడిగితే మాలో ముఖాన ఉమ్మేస్తారు. అది చచ్చినా అడగదు. ఇవ్వాల్సింది నేనే. ఇవ్వాలంటే నా ప్రాణం పోతోంది. వాడి కాళ్ళు నా వీపును తన్నకపోతే నాకు నిద్రే పట్టదు.

అయినా చెప్పాను. "ఒరేయ్, నిన్ను కన్నది మీ వదినే. ఇకనుంచి ఆ ఇంట్లో ఉండు, అమ్మా అని పిలు."

"వదిన అమ్మేంటమ్మా? నీకు మతి పోయిందా?" అని పకపకా నవ్వాడు. పరుపు చంకలో పెట్టుకుని వెళ్ళినవాడు పొయ్యి మీద పులుసు ఉడికేలోగా తిరిగొచ్చాడు.

మంచిగా చెబితే పోయేలా లేడు. ఈసారి మిరియం నా నాలుకకే రాసుకున్నాను. బూట్లతో లోపలికి వస్తే, "గాడిదా, కళ్ళు నెత్తికెక్కాయా!" అన్నాను. రొట్టె అడిగితే, "మీ అమ్మనడుగు పో" అన్నాను. పక్కలో దూరబోతే నడుం నొప్పని తోసేశాను. వాడు బిక్కమొహం వేసుకుని గుమ్మంలో నిలబడితే నేను అటు తిరిగి పొయ్యిలో పుల్లలు ఎగదోసేదాన్ని.

"ముసలితనంలో నీకిదేం పొయ్యేకాలమే?" అంది కాన్షా.

"నీ పని నువ్వు చూసుకో" అన్నాను.

చివరికి ఒకరోజు బురుల్ విసురుగా వచ్చింది. ఏనాడూ నా ముందు గొంతెత్తని పిల్ల, "ఏంటత్తయ్యా ఇది? పసివాణ్ణి అలా కసురుతారా? వాడేం తప్పు చేశాడని?" అని అరిచింది. దాన్ని కావలించుకోవాలనిపించింది.

"అంత జాలైతే నువ్వే పెంచుకో!" అన్నాను.

అది నా ముఖంలోకి చూసింది. దానికి అర్థమైంది. వాడి చెయ్యి పట్టుకుని తన ఇంటికి తీసుకుపోయింది.

గడ్డి కోతల రోజుల్లో ఎర్మెక్ గుర్రప్పిల్ల మీద నుంచి పెరట్లో పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది. నేను గుమ్మంలోనే ఉన్నాను, అప్పుడే లేచాను కూడా. వాడు నావైపు ఒక్కసారి చూసి, "అమ్మా!" అని కేక పెడుతూ ఎదురుగా ఉన్న బురుల్ ఇంటికి పరిగెత్తాడు. నేను మళ్ళీ కూర్చున్నాను. కూర్చోక ఏం చేస్తాను, నేను కోరుకున్నదే కదా. అయినా గుండె పగిలిపోయింది.

కాసేపటికి మోకాలికి గుడ్డ కట్టుకుని, గిన్నెడు మీగడతో వచ్చాడు. తిడతానేమోనని గడప బయటే ఆగాడు.

"అమ్మ నీకిమ్మంది, నానమ్మా."

నానమ్మా అన్నాడు. ఇక నేను తిట్టాల్సిన పని లేదు.

"ఇలా రారా, దెబ్బ చూడనీ" అన్నాను. ఒళ్ళోకి లాక్కుని వాడి తల వాసన చూశాను. ఏడుపు ఆగలేదు.

"ఎందుకేడుస్తున్నావు?"

"మిరియాలు దంచానురా, కళ్ళల్లో పొడి పడింది" అన్నాను.