ఊపిరికి తాళం

సిస్టరమ్మ బ్యాగు నొక్కుతూనే ఉంది. బిడ్డ ఛాతీ మాత్రం లేవడం లేదు.

నెలలు నిండకుండా పుట్టి నాలుగు రోజులైన మగబిడ్డ. అప్పటిదాకా వార్మరు కింద వెచ్చగా పడుకున్నవాడు ఉన్నట్టుండి ఊపిరి తీయడం మరిచిపోయాడు. అలాంటి పిల్లలు అలాగే మరిచిపోతుంటారు. వీపు రుద్దితే కొందరికి గుర్తొస్తుంది. రానివాళ్ళకు ముఖానికి మాస్కు పెట్టి, దానికున్న రబ్బరు బ్యాగు చేత్తో నొక్కి మనమే గాలి పంపాలి. ఇరవై మంది పిల్లలున్న ఆ వార్డుకి ఉన్నది ఒకే ఒక్క బ్యాగు. అదీ పగిలింది. పగులుకి ప్లాస్టరు చుట్టారు. నొక్కినప్పుడల్లా బిడ్డకి పోవలసిన గాలి ప్లాస్టరు సందుల్లోంచి బుస్సుమంటూ బయటికి పోతోంది.

"అక్కా! స్టోరుకి పరుగెత్తు! కొత్త బ్యాగు, చిన్న మాస్కు! పో!"

బెదురక్క చీపురు పారేసి పరుగెత్తింది. ఆమె ఆ వార్డు ఊడ్చే కాంట్రాక్టు ఆయా. ఎవరు కాస్త గట్టిగా పిలిచినా ఉలిక్కిపడుతుందని ఆసుపత్రంతా ఆమెకు ఆ పేరు పెట్టింది.

స్టోరు కిటికీ వెనక కూర్చున్న స్టోరుకీపరు తల ఎత్తలేదు. "సంతకం పెట్టిన ఇండెంటు కాగితం ఏది?"

"బిడ్డకి ఊపిరి ఆగిపోయింది సార్!"

"సంతకం లేకుండా ఇస్తే నా ఉద్యోగం ఆగిపోతుంది. అయినా ఇక్కడున్నవి మీవి కావు, పై బ్లాకువి."

పై అంతస్తుని ఆసుపత్రి పెద్దలు ఆయాల్ని పనిలో పెట్టే కాంట్రాక్టరుకే అప్పజెప్పారు. డబ్బు కట్టగలిగినవాళ్ళ పిల్లల కోసం అక్కడ కొత్త బ్లాకు కడుతున్నారు. గోడలకింకా సున్నమైనా వెయ్యలేదు. అక్కడ పిల్లలూ లేరు, మంచాలూ లేవు. వాళ్ళ బ్యాగులు మాత్రం అట్టపెట్టెల్లో, అరలనిండా పేర్చి ఉన్నాయి. బెదురక్క వాటిని కళ్ళారా చూసింది.

సంతకం కోసం సూపరింటెండెంటు గదికి పరుగెత్తింది. తలుపు మూసి ఉంది. లోపల మీటింగు, నవ్వులు, కప్పుల చప్పుడు. తట్టడానికి చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. లోపల ఎంత పెద్దవాళ్ళున్నారో, ఏమంటారో! ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. ప్యూను బయటికొచ్చి, "ఏయ్, ఇక్కడేం పని?" అని కసిరితే వెనక్కి తిరిగింది.

ఆమె వార్డుకి వచ్చేసరికి సిస్టరమ్మ నొక్కడం ఆపేసి, బిడ్డకు గుడ్డ కప్పుతోంది.

మర్నాడు మెమో వచ్చింది. సూపరింటెండెంటుకీ కాదు, కాంట్రాక్టరుకీ కాదు. సిస్టరమ్మకి! విధి నిర్వహణలో నిర్లక్ష్యమట. వారంలోగా జవాబివ్వకపోతే సస్పెన్షనట.

కాంట్రాక్టరు సూపర్‌వైజరు ఆయాలందర్నీ వరసగా నిలబెట్టాడు. "మీరేం చూశారు? ఏమీ చూళ్ళేదు. అర్థమైందా?" అని, బెదురక్క దగ్గర ఆగాడు. "నీ చెల్లెలి బిడ్డ ఈ వార్డులోనే ఉందిగా? కేజీన్నర కూడా లేదటగా. చూసుకో మరి. నోరు జారితే అక్కాచెల్లెళ్ళిద్దరూ గేటు బయటే."

బెదురక్కకి పై ప్రాణాలు పైనే పోయాయి. నిజమే. తల్లుల గదిలో చెల్లెలు ఏడో నెలలో పుట్టిన కూతుర్ని రొమ్ముల మధ్య, ఒంటికి ఒళ్ళు తగిలేలా గుడ్డతో కట్టుకుని పన్నెండు రోజులుగా కూర్చునే ఉంది. ఆ ఒంటి వెచ్చదనంతోనే ఆ పిల్ల పెరుగుతోంది.

"నీకు దణ్ణం పెడతానక్కా," అంది చెల్లెలు, చేతులు బిడ్డ మీదే ఉంచి. "మనకెందుకు? దీన్ని ఇంటికి తీసుకెళ్ళేదాకా నోరు మూసుకో. తర్వాత నీ ఇష్టం."

"ఆ పోయినోడికి కూడా అమ్మ ఉందే."

"ఉంది. అందుకే భయం."

ఆ మధ్యాహ్నం ఆసుపత్రి దుప్పట్లు ఉతికే గదిలో కలిశారు. అక్కడ పనిచేసే బట్టల తాత మిషన్లు ఆపలేదు. ఆ హోరులో మాట బయటికి పోదని. ఆయాలు, అంబులెన్సు డ్రైవరు, సిస్టరమ్మ, ఇంకో ఇద్దరు నర్సులు, నర్సింగు చదివే అమ్మాయిలు నలుగురు, మొత్తం పాతిక మందికి పైనే.

"సమ్మె చేద్దాం!" అన్నాడు డ్రైవరు.

"సమ్మె చేస్తే చచ్చేది ఎవరి పిల్లలు? వాళ్ళ పిల్లలా? మన పిల్లలే!" అని ఒక ఆయా లేచింది.

"ఊరుకుంటే మాత్రం బతుకుతున్నారా?" అంది చదువుకునే అమ్మాయి.

"నీకేం తల్లీ, నీకు హాస్టలుంది. మాకు కాంట్రాక్టు పోతే పొయ్యిలో పిల్లి లేవదు."

మాటా మాటా పెరిగింది. ఒకరు సిస్టరమ్మనే తప్పుపట్టారు, పగిలిన బ్యాగుతో ఎందుకు పనిచేశావని. ఆమె ముఖం పాలిపోయింది. "మూడుసార్లు రాసిచ్చాను," అంది. "మూడు కాగితాలూ వాళ్ళ ఫైల్లోనే ఉన్నాయి."

అప్పుడు బెదురక్క లేచింది.

"నేను తలుపు తట్టలేదు," అంది. "నిన్న. సార్ గది ముందు చెయ్యెత్తి నిలబడ్డాను. భయమేసింది. తట్టలేదు."

మిషన్లు తిరుగుతున్నాయి. బట్టల తాత చేతులు తుడుచుకుని ఆమె దగ్గరికొచ్చాడు. "అది నువ్వొక్కదానివి తట్టే తలుపు కాదమ్మా. ఒక్కర్నే పంపించాం చూడు, అదీ మన తప్పు."

ఆ రోజే నలభై మంది సంతకాలు, వేలిముద్రలతో కాగితం తీసుకుని సూపరింటెండెంటు దగ్గరికి వెళ్ళారు. ఆయన చదివి, మర్యాదగా మడతపెట్టాడు. "కమిటీ వేస్తాం. నివేదిక రానివ్వండి." దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు!

"ఈలోగా ఎవరి బిడ్డకైనా ఊపిరి ఆగితే సార్?" అని అడిగింది సిస్టరమ్మ.

ఆయన ఫోను అందుకున్నాడు.

మూడో రోజు, భోజనాల వేళ, గేటు దగ్గర ఆటో ఆగింది. పై బ్లాకుకి ఇటుకలు పంపే బట్టీలో పనిచేసే కూలీ మనిషి, పని దగ్గరే నొప్పులొచ్చి, దారిలోనే ప్రసవించింది. ఆటో డ్రైవరు బిడ్డను గుడ్డలో చుట్టి వార్డుకి పరుగెత్తుకొచ్చాడు. ఆడపిల్ల. ఎనిమిది నెలలైనా నిండలేదు. నీలంగా, చేతులు వేలాడుతూ, అలికిడి లేకుండా ఉంది.

సిస్టరమ్మ తుడిచింది. మెడ సరిగ్గా పెట్టింది. నోరు శుభ్రం చేసింది. వీపు రుద్దింది. ఏడవలేదు.

"బ్యాగు!"

ఆ మాట వినగానే బెదురక్క కదిలింది. స్టోరు కిటికీ మూసి ఉంది. తలుపుకి తాళం. స్టోరుకీపరు భోజనానికి వెళ్ళాడు. ఈసారి ఆమె సూపరింటెండెంటు గది వైపు చూడలేదు. వరండా మధ్యలో నిలబడి గొంతు చించుకుని అరిచింది.

"రండి! అందరూ రండి! బిడ్డ చచ్చిపోతోంది!"

బట్టల తాత వచ్చాడు. ఆయాలు వచ్చారు. బెదురక్క గోడకున్న మంటలార్పే ఎర్ర సిలిండరు పీకింది. మొదటి దెబ్బ తాళానికి కాక తలుపుకి తగిలింది. రెండోది తాళం మీద పడింది. మూడోది తాత వేశాడు. తాళం ఊడి కిందపడింది.

పెట్టె చింపి, చిన్న మాస్కుతో బ్యాగు తీసుకుని పరుగెత్తింది. సిస్టరమ్మ మాస్కు అదిమింది. "నొక్కు... రెండు... మూడు... నొక్కు... రెండు... మూడు..." చిన్ని ఛాతీ లేచింది. పడింది. మళ్ళీ లేచింది. పెదాల నీలం మెల్లగా తగ్గింది. బిడ్డ ముఖం చిట్లించి, పిల్లికూన గొంతుతో ఏడ్చింది.

తక్కిన పెట్టెలు కూడా తెచ్చారు. ప్రతి వార్మరుకీ ఒకటి కట్టారు.

సాయంత్రం కాకముందే పోలీసులొచ్చారు. ప్రభుత్వ ఆస్తి ధ్వంసం, దొంగతనం. ఇన్‌స్పెక్టరు వార్డు గుమ్మంలో నిలబడి, "కొట్టేసిన సరుకంతా తీసి జీపులో పెట్టండి. అది కేసు సాక్ష్యం," అన్నాడు.

"ఒకటి ఇప్పుడు, మళ్ళీ ఊపిరి మరిచిన ఈ బిడ్డ ముఖం మీదే ఉంది," అంది సిస్టరమ్మ, నొక్కడం ఆపకుండా. "ఎలా తీసుకెళ్తారో తీసుకెళ్ళండి."

కానిస్టేబుళ్ళు అడుగు ముందుకేశారు. అంతలో తల్లుల గది తలుపు తెరుచుకుంది. ముందు వచ్చింది చెల్లెలు. ఛాతీకి కట్టుకున్న కూతురి తల గుడ్డలోంచి కొంచెం కనిపిస్తోంది. ఆమె వెనక ఇంకో తల్లి. ఇంకొకరు. మరొకరు. పదకొండు మంది తల్లులు, బిడ్డల్ని గుండెలకు కట్టుకుని వార్డుకీ పోలీసులకీ మధ్య నేల మీద కూర్చున్నారు.

"మమ్మల్ని తొక్కుకుంటూ పోండి," అంది చెల్లెలు. మెల్లగానే అంది. అయినా అందరికీ వినబడింది.

ఇన్‌స్పెక్టరు ఎవరికో ఫోను చేశాడు. చాలాసేపు మాట్లాడాడు. చివరికి, "తాళం పగలగొట్టిందెవరు?" అన్నాడు.

"నేను," అంది బెదురక్క. బట్టల తాత నోరు తెరవబోతే కళ్ళతోనే వద్దంది. ఆయన లేకపోతే బయట జనాన్ని కూడగట్టేదెవరు?

ఆమెను జీపెక్కించారు. బ్యాగులు వార్మర్ల దగ్గరే ఉండిపోయాయి.

స్టేషన్‌లో రెండు రోజులు అడిగారు. ఎవరు ప్రోత్సహించారు? సిస్టరేనా? పేరు చెప్పు, వదిలేస్తాం. లాఠీ బల్ల మీద పడినప్పుడల్లా ఆమె ఉలిక్కిపడింది. ఏడ్చింది కూడా. పేరు మాత్రం చెప్పలేదు.

ఆ రెండు రోజులూ ఆసుపత్రిలో పిల్లల పని ఒక్కటీ ఆగలేదు. పై బ్లాకుకి మాత్రం ఒక్క ఇటుక వెళ్ళలేదు. ఆ కూలీ మనిషితో పనిచేసేవాళ్ళంతా తట్టలు దించేసి గేటు ముందు కూర్చున్నారు. మూడో రోజు బెయిలొచ్చింది. సిస్టరమ్మ మెమోని పక్కన పెట్టారు. బెదురక్క ఉద్యోగం మాత్రం పోయింది. కేసు అలాగే ఉంది.

స్టేషను మెట్లు దిగుతుంటే ముందు తనవాళ్ళు కనిపించారు. వాళ్ళ పక్కన ముఖం తెలియని ఆడవాళ్ళు ఆరుగురు, వేరే రంగు ఆయా చీరల్లో నిలబడి ఉన్నారు.

"మేము నదికి అవతలి ఆసుపత్రి వాళ్ళం అక్కా," అంది వాళ్ళలో పెద్దామె. "మాకూ స్టోరుకి తాళమే. పోయిన వారం ఇద్దరు పిల్లలు పోయారు. మాకు భయంగా ఉంది. నీకు భయం ఎలా పోయింది?"

"పోలేదు చెల్లీ," అంది బెదురక్క. "భయం పోయాక చేద్దామంటే పిల్లలు ఆగరు. మీరెంతమంది?"

"పద్దెనిమిది మందిమి."

"దుప్పట్లు ఉతికేవాళ్ళని అడిగారా? డ్రైవర్లని?"

"ఇంకా లేదు."

"పదండి," అంది బెదురక్క. "బస్సు ఎక్కడ ఆగుతుందో చూపించండి."