రెట్టింపు ధర, అవే నాలుగు నిమిషాలు

ధర రెట్టింపైతే వేగమూ రెట్టింపన్నది షోరూమువాడి లెక్క. ఆ లెక్క నమ్మి నిరుడు ప్రెస్సాయన పాత కంప్యూటరు తీసేసి, దానికి రెండింతలు పోసి కొత్తది తెచ్చాడు. దాని మీద భార్య పాఠ్యపుస్తకాల పేజీలు కడుతుంది. బొమ్మలున్న పుస్తకం సేవ్ కావడానికి పాతదాంట్లో నాలుగు నిమిషాలు, కొత్తదాంట్లోనూ నాలుగే. ఇదేమిటని నిలదీస్తే "ఇంకా పెద్దది తీసుకోవాలండీ" అన్నాడు వాడు. వేగం ఎక్కడ ఇరుక్కుందో చూడకుండా సంచి విప్పేవాళ్ళున్నంతకాలం వాడెందుకు మారతాడు?

ఆ పెద్దదాని డబ్బు కోసం ప్రెస్సు ముందుగది బట్టలకొట్టాయనకి అద్దెకిచ్చేటట్టు మాటైపోయింది. ఈ ఉదయమే కొలతలకి వస్తాడు. ఇక ఆమె బల్ల వెనకగదిలో అచ్చుయంత్రం పక్కన. అక్కడ వెలుతురు సున్నా, మోత మాత్రం చెవులు చిల్లులు పడేంత. పన్నెండేళ్ళు ముందుగదిలో అక్షరాలు దిద్దిన మనిషి ఏడుపు దిగమింగుకుంటూ సొరుగులు ఖాళీ చేస్తోంది.

కంప్యూటర్లు బాగుచేసే ఆడపడుచు అప్పుడే వచ్చింది.

"ఆగు వదినా. ఒక్కసారి సేవ్ కొట్టు, చూస్తాను."

కొట్టింది. తెర బిగుసుకుపోయింది. పక్కన గుచ్చిన పెన్‌డ్రైవు దీపం మాత్రం మిణుకుమిణుకుమంటోంది.

"పుస్తకం దీంట్లోనే ఉంచి పనిచేస్తున్నావా?"

"మరి? మొదటి కంప్యూటరు చస్తూ చస్తూ రెండొందల పేజీలు మింగింది. అప్పట్నించి దేని కడుపులోనూ ఒక్క అక్షరం పెట్టను. సాయంత్రం దీన్ని పీకి మెళ్ళో వేసుకుపోతాను."

"నీ దుంపతెగ! మా అన్నయ్య గొలుసు కొనివ్వలేదని ఇది వేసుకు తిరుగుతున్నావా?"

"వాగకు. సంగతి చెప్పు."

"ట్యాంకు ఎంత పెద్దదైతేనేం, కుళాయి సన్నదైతే బిందె ఎప్పటికి నిండుతుంది? పదేళ్ళ నాటి పెన్‌డ్రైవు ఇది. ఎంత పోసి ఏది కొన్నా, ఇది రాసే వేగమే నీ వేగం."

ఆడపడుచు పుస్తకాన్ని కంప్యూటరులోకి కాపీ చేసింది. "ఇప్పుడు కొట్టు."

వదిన సేవ్ కొట్టి, అలవాటు కొద్దీ మంచినీళ్ళకి లేచింది. సగం లేచేసరికే పని అయిపోయింది. నమ్మకం కుదరక మళ్ళీ కొట్టింది. మళ్ళీ రెప్పపాటే.

"ఇదీ చస్తేనో?" వదిన చెయ్యి మళ్ళీ పెన్‌డ్రైవు మీదికి పోయింది.

"చావనీ. పని లోపల చెయ్యి. సాయంత్రం లేచేముందు ఈ పెన్‌డ్రైవులోకి ఓ కాపీ తీసి మెళ్ళో తగిలించుకో. భయపడితే పడు, పనికి అడ్డం మాత్రం పెట్టకు."

వదిన కుర్చీలో కూలబడింది. నెల్లాళ్ళుగా గుండెల మీదున్న బండ దిగిపోయింది.

ప్రెస్సాయనా, టేపు పట్టుకుని బట్టలకొట్టాయనా గుమ్మంలోకి వచ్చారు.

"గది ఇవ్వటం లేదండీ, క్షమించాలి," అందామె, మొగుడు నోరు తెరవకముందే. జరిగింది చెప్పి, సేవ్ కొట్టి చూపించింది. ఆయన తనూ ముచ్చటగా మూడుసార్లు కొట్టాడు. మొహం వెలిగింది. అంతలోనే వాడింది.

"మరి నిరుడు దీనికి పోసిన డబ్బో?"

"అది అడక్కన్నయ్యా."

బట్టలకొట్టాయన టేపు జేబులో వేసుకుని, ఆడపడుచు వైపు తిరిగాడు. "అమ్మాయ్, మా కొట్లో కంప్యూటరు కూడా ఇలాగే ఏడుస్తోంది. నిన్ననే కొత్తదానికి చెప్పాను. ఓసారి వచ్చి చూస్తావా?"

"ముందు ఆ ఆర్డరు ఆపండి బాబాయిగారూ, తరవాత చూద్దాం!"

వదిన నవ్వాపుకోలేక బల్ల మీద తల వాల్చేసింది.