ఎనిమిదో ప్రశ్నకు ముందు

తార్నాక హాస్టళ్లలో వంట చేసే ఆడవాళ్ల జీవితాల మీద నా పీహెచ్‌డీ. మూడో అధ్యాయం చదివిన మా గైడ్ స్నేహలత మేడమ్, ఇందులో ప్రశ్నలున్నాయి గానీ మనుషులు లేరన్నారు. నెలాఖరులోగా మనిషి కనబడకపోతే సంతకం పెట్టనని తేల్చేశారు. క్యాంపస్ నుంచి తార్నాక దాకా ఆవిడను తిట్టుకుంటూనే నడిచాను.

నా రికార్డింగులు విని టైపు చేసేది లిడియా ఆంటీ. మెట్రో స్టేషన్ వెనక సందులో ఆవిడకో చిన్న డీటీపీ షాపుంది. చదివింది పదో తరగతి. నా గోడు విని, వనజక్క ఇంటర్వ్యూ కాగితాలు తీసి ముందు పెట్టింది. వనజక్క ఒక అమ్మాయిల హాస్టల్లో వంటమనిషి. భర్త పోయాక ఇబ్బందులు పడ్డారా అని నేనడిగితే "ఆఁ" అంది. ఒంటరితనం అనిపించిందా అంటే మళ్లీ "ఆఁ". పేజీల కొద్దీ నేను మాట్లాడుతుంటే ఆమె ఊ కొట్టింది.

ఒకచోట మాత్రం ఆంటీ పెన్సిల్‌తో గీత గీసింది. "గా దినం అన్నం మాడింది..." అని వనజక్క అంటుండగానే నేను పని గంటల గురించి అడిగాను.

"ఆవిడ ఏదో చెప్పబోయిందమ్మా. నువ్వు ఎనిమిదో ప్రశ్నకి వెళ్లిపోయావు" అంది ఆంటీ.

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. డాక్టరేటు చేసేది నేనా, ఈవిడా అని ఒళ్లు మండింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ చోటు మళ్లీ విన్నాక సిగ్గేసింది. వనజక్క గొంతు వణికింది. ఎదురుగా కూర్చున్న నాకు వినబడనిది, ఆమె ముఖమైనా చూడని ఆంటీకి వినబడింది. ఆ చెవులకు దండం పెట్టాలనిపించింది. ఇప్పుడేం చేయమంటారని అడిగితే, ఆ అన్నం సంగతే అడిగి నోరు మూసుకోమంది.

మర్నాడు టిఫిన్ల హడావిడి తగ్గాక హాస్టల్‌కు వెళ్లాను. వనజక్క కత్తిపీట ముందు కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతోంది.

"అక్కా, ఆ దినం అన్నం మాడిందన్నవు గదా. ఏమైంది?"

ఆమె చెయ్యి ఆగింది. మళ్లీ కదిలింది. నాలుగు ఉల్లిగడ్డలు అయిపోయాయి. నేనసలే వసపిట్టను, ఏదో ఒకటి అడిగేయాలని నాలుక దురద పెట్టింది. పళ్లు బిగబట్టి కూర్చున్నాను. ఐదోది చేతిలోకి తీసుకుని ఆమె మొదలుపెట్టింది.

బియ్యం పొయ్యి మీద పెట్టగానే ఫోను వచ్చిందట, భర్త గట్టయ్యను లారీ గుద్దిందని, అక్కడికక్కడే పోయాడని. ఎంతసేపు అట్లా నిలబడిపోయిందో తెలియదు, మాడు వాసన వచ్చాకే తెలివిన పడింది. హాస్టల్లో అరవై మంది పిల్లలకు ఆ రోజే పరీక్ష.

"ఏడ్వనీకి కూసోలే. మళ్ల బియ్యం కడిగిన. అందరు తిన్నంకనే ఆస్పత్రికి పోయిన. మొగడు పోతే వంట చేసుకుంట కూసున్నదని మా అత్త ఇప్పటికీ అంటది."

నా కళ్లు నిండిపోయాయి. ఆమె కళ్లు మాత్రం పొడిగా ఉన్నాయి. ఉల్లిగడ్డ పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"నువ్వు రాస్తవు గదా. నా ఏడుపు రాయకున్నా ఏం గాదు. ఆ దినం నా పిల్లలు ఒక్కరు గూడ పస్తు పోలేదని రాయి."

ఆ మాటను నా భాషలో తిరగరాద్దామని మూడుసార్లు కూర్చున్నాను. ఆమె అన్నదానికి మించి ఒక్క అక్షరం రాయలేకపోయాను. అధ్యాయం మొదట్లో అలాగే పెట్టేశాను. మేడమ్ సంతకం పెట్టారు.