పసుపునీళ్లు తాగిన సైకిల్

నేను ఒక సైకిల్‌ను అంటే సైకిల్‌వాళ్లు ఒప్పుకోరు, బండిని అంటే బండ్లవాళ్లు నవ్వుతారు. రెంటికీ చెడ్డ రేవడినని నేనూ కొన్నాళ్లు దిగులుపడ్డాను. వెనక చక్రం మధ్యలో గుప్పెడంత మోటారు, నడుముకు సీసాలాంటి బ్యాటరీ, చేతి దగ్గర అగ్గిపెట్టెంత తెర. నా మీద కూర్చున్నవాళ్లు పెడలు తొక్కాలి. తొక్కితే నేను వెనకనుంచి వీపు మీద చెయ్యేసి నెట్టినట్టు సాయం చేస్తాను. అంతకుమించి నా దగ్గర మాయలేమీ లేవు. నాకున్న గర్వమల్లా ఒక్కటే, నా బరువు పద్దెనిమిది కిలోలు. ఈ అంకెను కాస్త గుర్తుంచుకోండి, దీనితో తర్వాత పనిపడుతుంది.

ఒక పెద్ద షెడ్డులో నన్ను బిగించారు. గొట్టాలు ఒకచోటినుంచి, మోటారు ఇంకోచోటినుంచి, సీటు మరెక్కడినుంచో వచ్చాయి. నా చువ్వలు బిగించిన ఆమె పేరు నాకు తెలియదు. ఒక్కొక్క చువ్వను గోటితో మీటి, చెవి దగ్గరపెట్టి విని, మళ్లీ పావు చుట్టు బిగించేది. లోకంలో నేను విన్న మొదటి చప్పుడు అదే. మనుషులంతా ఇంత శ్రద్ధగా ఉంటారు కాబోలు అనుకుని బయటికి వచ్చాను.

వచ్చి డాక్టర్ మురహరిరావుగారి చేతిలో పడ్డాను. ఆయన పళ్ల డాక్టరు. పొట్ట తగ్గించుకోవాలని నన్ను కొన్నాడు. రెండు రోజులు నిజంగానే తొక్కాడు. మూడోరోజు కుడి బొటనవేలి కింద చిన్న మీట కనిపించింది. అది నొక్కితే తొక్కకుండానే పోతానని తెలిశాక నా పెడళ్లు ఆయనకు కాళ్లు పెట్టుకునే పీటలయ్యాయి. ఆ తర్వాత సోకులు మొదలయ్యాయి. రెండు అద్దాలు, పాట పాడే హారను, ఫోను తగిలించుకునే కొక్కెం, ముందు బుట్ట, వెనక ఇనప క్యారియరు. పొట్ట తగ్గించుకోవడానికి నన్ను కొన్న మనిషి నాకు పొట్ట పెంచాడు. ఇరవయ్యారు కిలోలు అయ్యాను.

మోజు తీరాక, ఇంట్లోనే ఉన్న ఆయన క్లినిక్కు బాల్కనీలో నిలబెట్టారు. ఎనిమిది నెలలు నా మీద తువ్వాళ్లు ఆరాయి. పళ్లు రోజుకు రెండుసార్లు తోముకోమని ఊరందరికీ చెప్పే మనిషి, నా గొలుసును ఏడాదిలో ఒక్కసారి కూడా తుడవలేదు. నాకు కోపం రాలేదంటే అబద్ధం.

ఒకరోజు దవడపన్ను నొప్పితో స్వరూప వచ్చింది. రాళ్లపల్లి ఆరోగ్యకేంద్రంలో నర్సు. పిల్లలకు టీకాలు వేసే మనిషి. తన వంతు వచ్చేదాకా కూర్చోకుండా బాల్కనీలో నా చుట్టూ తిరిగింది. పన్ను పీకించుకుని, బుగ్గలో దూదితోనే నా సంగతి అడిగింది. బుధవారం, శనివారం టీకాల డబ్బా మోసుకుని ఎక్కడెక్కడికి పోతుందో విన్నాక డాక్టరుగారు నా మీది తువ్వాళ్లు తీసి భుజాన వేసుకున్నాడు.

"తీస్కపో అమ్మా," అన్నాడు. "నేను బట్టలారేసుకునెతందుకు తాడు కట్టుకుంట."

ఆయన మీద నాకున్న కోపం ఆ ఒక్కమాటతో సగం పోయింది.

స్వరూప వెళ్లే ఊళ్లలో చివరిది ఎర్రగుట్ట తండా. తొమ్మిది కిలోమీటర్లు. అందులో చివరి మూడూ ఘాటురోడ్డు, నిట్టనిలువు ఎక్కుడు. ఆ ఘాటు మొదట్లోనే కల్వర్టు వానకు కొట్టుకుపోయింది. ఆటోలు అక్కడ ఆగిపోతాయి, స్కూటర్లు దాటలేవు. మనుషులు వాగులోకి దిగి, రాళ్ల మీద అడుగులేసుకుంటూ అవతలికి ఎక్కాలి. రెండేళ్లు ఆమె డబ్బా భుజాన వేసుకుని అట్లాగే నడిచింది. కుడిమోకాలు అరిగిపోయింది. ఇక గుట్టలు ఎక్కొద్దని పెద్దడాక్టరు చెప్పాడు. మైదానపు ఊరికి బదిలీ చెయ్యమని దరఖాస్తు రాసి మడతపెట్టి సంచిలో పెట్టుకుంది. ఇయ్యలేదు, చింపలేదు. తను పోతే ఆ గుట్ట ఎవరు ఎక్కుతారన్నదే ఆమె దిగులు.

రాళ్లపల్లి బస్టాండు పక్కన విశ్వనాథచారి సైకిలు షాపు ఉంది. వాళ్ల తాత బండిచక్రాలు చేసేవాడట, తండ్రి నాగళ్లు చెక్కేవాడట. చారి సైకిళ్లకు వచ్చి ఆగాడు. చిన్నప్పుడు టేబుల్‌ఫ్యాను షాకు కొట్టినప్పటినుంచి కరెంటంటే ఆమడదూరం.

"నర్సమ్మా, గీ వైర్లు నాకు తెల్వయి," అన్నాడు నన్ను చూడగానే. "సైకిలు మందమైతె జూస్త. కరెంటు జోలికి మాత్రం నేను పోను."

"సైకిలు మందమే సూడన్నా. కరెంటు సంగతి దేవుడు సూస్తడు."

నన్ను లేపి చూసి దబ్బున కింద పెట్టాడు. "ఇది సైకిలా, పెండ్లి బస్సా?"

ఆ పూటే నా నగలన్నీ ఊడాయి. హారను, బుట్ట, ఇనప క్యారియరు, ఒక అద్దం పోయాయి. టీకాల డబ్బా కుదుపులకు కదలకుండా కూర్చునే తేలికపాటి క్యారియరు, అడుగున రబ్బరు పట్టీ వేసి బిగించాడు. ఘాటు ఎక్కడానికి వెనక పళ్లచక్రం పెద్దది వేశాడు. అరిగిన బ్రేకుకట్టలు తీసి కొత్తవి పెట్టాడు. రాళ్లమీద జారని టైర్లు పట్నంనుంచి తెప్పించాడు. ప్రతి సామానునూ బిగించేముందు పక్కనున్న బెల్లం దుకాణం తక్కెడలో తూచేవాడు. పెట్టేదానికంటే తీసేది ఎక్కువుండాలన్నది ఆయన లెక్క. రిపేరు అయ్యాక అందరు మెకానిక్కుల్లా ఎక్కి ఒక చుట్టు తిరిగిరమ్మని చెప్పడు. "లేపి సూడు నర్సమ్మా," అంటాడు. ఆమె నన్ను ఎత్తి భుజానికి తగిలించుకుని, మోకాలు నొవ్వకుండా పది అడుగులు వేస్తే రిపేరు అయినట్టు. లేకపోతే మళ్లీ పానా పట్టుకునేవాడు. వాగు దాటేచోట నేను ఆమెను మొయ్యను, ఆమే నన్ను మోస్తుంది. అది చారికి నాకంటే ముందే అర్థమైంది.

నన్ను చూసుకోవడం స్వరూపకు ఆయనే నేర్పాడు. సోమవారం సోమవారం టైరును బొటనవేలితో నొక్కి గాలి చూడ్డం, పాతచీర పేలికతో గొలుసు తుడిచి రెండు చుక్కల నూనె వెయ్యడం, చువ్వల్ని మీటి వినడం. ఆ షెడ్డు వదిలాక మళ్లీ ఇప్పుడే నా చువ్వల్ని ఎవరో విన్నారు. బ్యాటరీ సంగతి మాత్రం ఆమే కనిపెట్టింది. టీకాలకూ దీనికీ ఒకటే గుణం, ఎండ గిట్టదు. అందుకని బ్యాటరీని ఊడదీసి టీకాల ఫ్రిజ్జు ఉన్న చల్లని గదిలోనే ఉంచేది. పూర్తిగా అయిపోయేదాకా ఎప్పుడూ వాడేది కాదు. మూడేళ్లు అట్లా హాయిగా గడిచాయి. నాకు మూడు గొలుసులు మారాయి, బ్యాటరీ కూడా ఒకసారి మారింది. దరఖాస్తు మాత్రం సంచిలో అట్లాగే ఉంది.

ఇక ఆ దసరా సంగతి చెప్పాలి.

ఆ ఏడు వానలు విడవలేదు. వాగు పొంగి ఎర్రగుట్టకు రెండుసార్లు టీకాలు ఆగిపోయాయి. టీకా పడకుండా పదకొండుమంది పసిపిల్లలు మిగిలారు. వాగు ఇప్పుడిప్పుడే తగ్గింది. తండావాళ్లు ఏటా దసరా వెళ్లగానే చెరుకు కొట్టడానికి పిల్లాజెల్లాతో పోతారు, మళ్లీ వచ్చేది ఉగాదికే. ఈసారి పండగ శుక్రవారం వచ్చింది. వాళ్ల లారీ శనివారం పన్నెండింటికి కల్వర్టు దగ్గరికి వస్తుంది. ఆలోపు స్వరూప గుట్ట ఎక్కితే పదకొండుమందికీ టీకాలు. లేదంటే ఆ పిల్లలు ఆరునెలలు ఏ చెరుకుతోటలో ఉంటారో, వాళ్లను ఎవరు పట్టించుకుంటారో దేవుడికే ఎరుక.

శుక్రవారం పొద్దున స్వరూప నన్ను చారి షాపుకు ఆయుధపూజకు తీసుకొచ్చింది. చారి అప్పటికే పనిముట్లన్నీ కడిగి, అమ్మవారి పటం ముందు పేర్చి, బొట్లు పెట్టి, ఎర్రగుడ్డ కప్పాడు. వాళ్లింట్లో అది తాతలనాటి కట్టడి. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు పొద్దెక్కేదాకా ముట్టకూడదు.

"పండుగపూట దుమ్ముతోని నిలవెడ్తమా?" అని పైపు పట్టుకున్నాడు చారి. నేను వానకు ఓర్చుకునేటట్టే తయారయ్యాను. కానీ వాన మర్యాద తెలిసింది, పైనుంచి పడుతుంది. చారి పైపు కిందినుంచి, పక్కనుంచి, చేతిపిడుల సందుల్లోకి కొట్టింది. అది చాలదన్నట్టు రెండు చెంబుల పసుపునీళ్లు నెత్తిమీద పోశాడు. బంతిపూలదండ వేశాడు. చక్రం కింద నిమ్మకాయ పెట్టాడు. ఇంత ప్రేమగా నన్ను ఎవరూ పాడుచెయ్యలేదు.

స్వరూప ఎక్కి తొక్కింది. నిమ్మకాయ చితికింది. తెర వెలిగింది. మోటారు మాత్రం ఉలకలేదు, పలకలేదు.

చారి ముఖం పాలిపోయింది. పట్నంలోని షోరూముకు ఫోన్ చేశారు. పండగ వెళ్లాక తెమ్మన్నారు, లోపలి డబ్బా మొత్తం మార్చాలేమో, వారం పట్టొచ్చన్నారు.

"నా చేతులతోనే ముంచితి గదమ్మా," అన్నాడు చారి. పైపు ఇంకా చేతిలోనే ఉంది. "రేపు తెల్లారంగనే ఇప్పి సూస్త."

"రేపు తెల్లారంగ నేను ఘాటు మీదుండాలె చారన్నా. పండుగ మర్నాడు ఆటోలు రావు. నడుస్తమంటె మోకాలు ఎక్కనియ్యదు. లారీ ఎల్లిపోతది."

చారి ఎర్రగుడ్డ వైపు చూశాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ గుడ్డ తియ్యడమంటే ఆయనకు తండ్రి మాట దాటడం. ఆయన మొండితనం కాదది, భక్తి. అది నాకు తెలుసు. అయినా ఆ క్షణాన నాకు నోరుంటే అరిచేవాడిని.

గడపలో కూర్చుని పూలు గుచ్చుతున్న ఆయన తల్లి మాణిక్యమ్మ అంతా వింటూనే ఉంది. దారం పక్కన పెట్టి లేచింది. "ఆకలైనోని ముందట అన్నం గిన్నెకు పూజ జేసుకుంట కూసుంటార్రా?" అని తనే పటం దగ్గరికి వెళ్లి, దండం పెట్టి, గుడ్డ తీసింది. స్క్రూడ్రైవరు తీసి కొడుకు చేతిలో పెట్టింది. చారి దాన్ని కళ్లకు అద్దుకున్నాడు.

అద్దుకున్నాడు సరే, ఎక్కడ విప్పాలి? కరెంటు సంగతి ఆయనకేం తెలుసు? నేనేమో పొద్దుటినుంచి చెప్తూనే ఉన్నాను. తెర మూలన ఆవగింజంత ఎర్రటి గుర్తు వెలిగించి చూపిస్తూనే ఉన్నాను. మగవాళ్లు పెద్దపెద్ద డబ్బాల వైపే చూస్తారు. స్వరూప బతుకంతా చిన్న గుర్తులు చూడ్డమే. టీకా సీసామీద గుండ్రంలో చదరం ఉంటుంది, అది రంగు మారితే మందు పాడైనట్టు. రోజుకు ఎన్ని సీసాలుంటే అన్నిటినీ అట్లా చూసే కళ్లు ఆమెవి.

"చారన్నా, ఈ ఎర్రగుర్తు బ్రేకు పట్టినప్పుడే ఎలుగుతది గదా? ఇప్పుడు బ్రేకు ఎవ్వలు పట్టిన్రు?"

చారి ఆగిపోయాడు. బ్రేకు ఆయన ఇలాకా. పిడి పట్టినప్పుడు మోటారును ఆపమని చెప్పే చిన్న మీట అక్కడ ఉంటుంది, బ్రేకు తీగ మార్చిన ప్రతిసారీ దాన్ని జాగ్రత్తగా పక్కకు జరిపింది ఆయనే. రెండు మరలు విప్పాడు. లోపలినుంచి నాలుగు పసుపుచుక్కలు జారిపడ్డాయి. అవి తగులుకుని, ఎవరో బ్రేకు పట్టుకునే ఉన్నారని నా మోటారు పాపం పొద్దుటినుంచి బుద్ధిగా ఆగి ఉంది.

బ్యాటరీ తీశాడు. మీట వైరు కొసను దేవుణ్ణి తలుచుకుంటూ రెండువేళ్లతో ఊడదీశాడు. పేలికతో తుడిచి, మాణిక్యమ్మ చాటలో గుడ్డపరిచి, ఎండలో పెట్టారు. నా బ్యాటరీని మూడేళ్లు ఎండ తగలకుండా కాపాడిన మనిషే ఆ చాట పక్కన కాపలా కూర్చుంది. పొద్దువాలేవేళకు మళ్లీ బిగించాడు. వెనక చక్రం గాలిలోకి లేపి పెడలు తిప్పాడు. చక్రం గిర్రున తిరిగింది. బంతిపూలు ఎగిరి చారి ముఖాన పడ్డాయి.

"లేపి సూడు నర్సమ్మా," అన్నాడు.

శనివారం తొమ్మిదిన్నరకు మేం గుట్ట మీద ఉన్నాం. వాగులో ఆమె నన్ను మోసింది, ఘాటులో నేను ఆమెను మోశాను. మూటలు కట్టుకుని కూర్చున్న తండా ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని వరసగా వచ్చారు. పదకొండుమందీ ఒకరి తర్వాత ఒకరు గుట్ట అదిరేలా ఏడ్చారు. అంత చక్కటి ఏడుపులు నేను మళ్లీ వినలేదు. పేర్లు రాసే కాగితం అయిపోతే స్వరూప సంచిలో వెతికింది. మడతపెట్టిన దరఖాస్తు దొరికింది. దాన్ని వెనక్కి తిప్పి మిగిలిన పేర్లు రాసుకుంది.

కింద లారీ హారను కొడుతుంటే శాంతీబాయి అనే తల్లి పిల్లాణ్ణి వీపున కట్టుకుంటూ అడిగింది. "నర్సమ్మా, ఉగాదికి మల్ల సూదేయాలంటివి. నువ్వే వస్తవా?"

స్వరూప నా సీటు మీద చెయ్యి వేసింది. "మీరు రాండ్రి. నేనే వస్త."

ఆమె వెళ్లింది కూడా. ఆ ఉగాదికి, ఆ తర్వాతా. నాలో ఇప్పుడు పాతవిగా మిగిలినవి గొట్టాలూ, మోటారూ, ఆ షెడ్డులో ఎవరో విని బిగించిన చువ్వలూ మాత్రమే. బరువు పదిహేడున్నరకు దిగింది. పాత సామానంతా చారి షాపులో ఒక మూల పోగుపడి ఉంది. దాన్ని చూస్తే నాకు దిగులేమీ కలగదు. ఆ పోగంతా నేను ఎక్కిన ఘాటే.

మరుసటి దసరాకు చారి నన్ను పొడిగుడ్డతో తుడిచి, వేలికొసతో ఒక్క కుంకుమబొట్టు పెట్టాడు. పైపు వైపే చూడలేదు. పనిముట్లు పటం ముందు పేర్చి ఎర్రగుడ్డ కప్పాడు. ఒక స్క్రూడ్రైవరు, చక్రం విప్పే పానా మాత్రం బొట్లు పెట్టి కిటికీలోనే ఉంచాడు. బెల్లం దుకాణమాయన జమ్మి ఇవ్వడానికి వచ్చి చూశాడు.

"అవి రెండు మర్సిపోయినవా చారీ?"

"మర్వలే," అన్నాడు చారి జమ్మి కళ్లకద్దుకుంటూ. "అవి డ్యూటీల ఉన్నయి."