నాలుగో బొకే

గురువారం పొద్దున మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు నుంచి మా పూలకొట్టుకి ఆర్డరొచ్చింది. శనివారం మ్యాచ్‌కి నాలుగు బొకేలు కావాలట. సీజన్లో సొంత మైదానం మీద ఆఖరి ఆటకి ముందు, క్లబ్బు వదిలిపోయే ఆటగాళ్ళని మైకులో పేరుపేరునా పిలిచి, పువ్వులిచ్చి సాగనంపుతారు. ఏటా ఆ బొకేలు కట్టేది నేనే. కానీ ఈసారి పోయేది ముగ్గురేనని పేపర్లో వేశారు. మరి నాలుగోది ఎవరికి? ఆ క్లబ్బుకే ఆడే మా ఆయన ఒప్పందం కూడా ఈ సీజన్‌తోనే అయిపోతుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. క్లబ్బు మేనేజర్ ల్యూడ్కెకి ఫోన్ చేశాను.

"నాలుగోది మా ఆయనకేనా?"

"అంట్యే గారూ, ఆ పూలకొట్టు మీదేనన్న సంగతే తట్టలేదండీ. ఆఫీసులో అమ్మాయి ఎప్పట్లాగే ఆర్డరు పంపేసింది."

"మొన్నటిదాకా కూర్చుని మాట్లాడదామన్నారుగా?"

"రేపు ప్రాక్టీసయ్యాక నేనే చెబుదామనుకున్నా. అప్పటిదాకా మీరు..."

"ఇన్ని నెలలు రాని మాట రేపొస్తుందా మీకు?" అని పెట్టేశాను.

మా ఆయన టోర్బెన్ మిడ్‌ఫీల్డర్. గోల్ కొట్టేవాడికి పేరొస్తుంది, ఆపేవాడికీ వస్తుంది. మధ్యలో పడి పరుగెత్తేవాడి మొహం పక్కింటివాళ్ళకి కూడా గుర్తుండదు. ఉత్తరాన బాల్టిక్ ఒడ్డు నుంచి దక్షిణాన బవేరియా దాకా జర్మనీలో ఎన్ని ఊళ్ళు తిరిగామో. ఇల్లు మారినప్పుడల్లా మా సొంత వంటగది అల్మరాలు ఊడదీయడం, కొత్త ఇంట్లో మళ్ళీ బిగించడం. నాకు విసుగెత్తిపోయింది. అతని మోకాళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. అయినా చలికాలం నుంచీ ఒకటే పాట, ఇంకొక్క ఏడాది ఆడనిస్తే చాలని. ఆడనిస్తారనే నమ్మాడు పిచ్చిమారాజు.

సాయంత్రం నొప్పికి మోకాలి మీద గడ్డకట్టిన బఠాణీల సంచి పెట్టుకుని వంటగదిలో కూర్చున్నాడు. రొట్టె కోస్తూ చెప్పేశాను. వెన్న రాస్తున్న అతని చెయ్యి ఆగింది.

"ఇంకొక్క ఏడాదే కదా అడిగాను" అన్నాడు.

"నీ బొకే నేను కట్టను. ఇంకెవరిచేతైనా కట్టించుకోమంటా ఆ ల్యూడ్కెని."

"గొడవ వద్దులే."

"నీకు రోషం లేదా?"

"అలిసిపోయాను అంట్యే. రోషపడే ఓపిక కూడా లేదు."

రొట్టె తినలేదు. అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. నేను ల్యూడ్కెని తిడుతూనే ఉన్నాను. కాసేపటికి తలెత్తి, "నా పేరు కూడా పిలుస్తారా మైకులో?" అని అడిగాడు.

"పిలుస్తారు. పోయేవాళ్ళందరినీ పిలుస్తారుగా."

"నన్నెక్కడా పిలవలేదు."

నిజమే. ఒక క్లబ్బు నడి చలికాలంలో వదిలించుకుంది, ఇంకోటి వేసవి సెలవుల్లో ఫోన్లో చెప్పింది. తక్కినవీ అంతే, అన్నీ మైదానం ఖాళీగా ఉన్నప్పుడే. ఇన్నేళ్ళు పరుగెత్తిన మనిషికి ఒక్క ఊరూ లేచి చప్పట్లు కొట్టలేదు. అందరి బొకేలూ కట్టే నాకు అది ఒక్కసారైనా తోచలేదు. కోపమంతా దిగిపోయి ఏడుపొచ్చింది.

"పెద్దదిగా కట్టనా?" అన్నాను.

"నీ ఇష్టం" అన్నాడు టోర్బెన్. "శనివారం పిల్లల్ని మాత్రం పెందలాడే తీసుకురా. ఆట మొదలవకముందే పిలుస్తారు, ఆలస్యమైతే చూడలేరు."