ఒక్కపొద్దు తప్పిన బసవన్న

బసవన్న సంచి సర్దడం తెల్లవారుతూనే మొదలుపెట్టాడు. ఎండ గడప దాటినా అది పూర్తి కాలేదు. రెండు చొక్కాలు మడిచి పెట్టి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పంచె మడిచి మళ్లీ కూర్చున్నాడు. అక్క గిడ్డమ్మ ఎదురుగా చాప మీద ఉంది. ముప్పై మూడేళ్ల కిందట అయితే ఆ సంచి లాక్కుని తానే సర్ది, నాలుగు మాటలు అనేది. ఇప్పుడు చేతులు ఒళ్లో పెట్టుకుని, అతను లేచేదాకా ఊరికే ఉంది.

ఆమె ముందురోజు సాయంత్రం ఒంటిమిట్టలో బస్సు దిగింది. ఆదోని దగ్గరి వాళ్ల పల్లె నుంచి రాములవారి దర్శనానికి వచ్చిన ఒకాయన, గుడి బయట చెప్పులు కాసే మనిషి మీ బసవన్న మాదిరే ఉన్నాడని చెబితే వెతుక్కుంటూ వచ్చింది. మధ్యాహ్నం కడప బస్సుకు ఇద్దరూ కలిసి ఊరికి పోవాలనుకున్నారు.

అంతవరకూ పని ఆగదు గనుక బసవన్న వెళ్లి తన పీట మీద కూర్చున్నాడు. యాభై అయిదేళ్ల మనిషి. పిక్కలు సన్నం. కనురెప్పలు ఎప్పుడూ సగం వాలి ఉంటాయి. పీటకు మూడు పక్కలా చెయ్యి చాస్తే అందేటంత దూరంలో అరలు. కర్ర చివర మేకు కొట్టి, దానికి నంబరు బిళ్ల తగిలించి, కూర్చున్నచోటి నుంచే భక్తులకు అందిస్తాడు. లేవకుండా పని నడిచే దారులన్నీ ఒక్కొక్కటిగా తానే కనిపెట్టుకున్నాడు. ఇన్నేళ్లలో ఒక్క జత తారుమారు కాలేదు.

పక్కన టీ కొట్టు నడిపే జీవమ్మ గ్లాసు తెచ్చి ఇస్తూ సంచి వైపు చూసింది.

"ఏమప్పా బసవన్నా, పెండ్లికొడుకు మాదిరి తయారైనావే. మా చెప్పులు యెవరికి అప్పజెప్పి పోతాండావు?"

"నీవి యెవురూ ఎత్తుకపోరులే. అరిగి కాగితం అయినాయి."

జీవమ్మ నవ్వుకుంటూ వెళ్లింది. రద్దీ తగ్గాక గిడ్డమ్మ అరల పక్కన చతికిలబడి, రాత్రంతా ఎలా మొదలుపెట్టాలా అని దాచుకున్న సంగతి చెప్పింది.

ఆమె కూతురు రమణికి ఇరవై ఆరేళ్లు. చిన్నప్పటి నుంచి మెట్లు ఎక్కలేదు, బిందె ఎత్తలేదు. బెంగుళూరు ఆస్పత్రిలో రెండేళ్లు పరీక్షలు చేసి, లోపం మైటోకాండ్రియాలో ఉందన్నారు. ఒంట్లోని ప్రతి కణంలోనూ తిన్నదాన్ని శక్తిగా మార్చేవి అవేనట. అంతేకాదు, పెప్టైడ్లనే చిన్న చిన్న ప్రోటీను తునకలను కూడా అవి తయారుచేస్తాయట. శక్తిని ఎంత ఖర్చు చెయ్యాలి, ఎంత దాచుకోవాలి అన్నది కండలకూ కాలేయానికీ ఆ తునకలే తెలియజేస్తాయట. నడిచేవాళ్లలో అవి పెరుగుతాయట. రమణి నెత్తుట్లో అవి ఎంత ఉన్నాయో చూస్తున్నారు. మందు ఇంకా లేదు. తల్లి వైపు వాళ్లందరి నెత్తురూ కావాలన్నారు.

"చిన్న పొయ్యిలు అనుకో బసవా. అవి అమ్మ నుంచే వస్తాయంట, నాయన నుంచి రావంట. నాకు కొంచెం చెడినాయి. నీకు శానా చెడినాయి. నువ్వు సోంబేరివి కాదురా."

ఒక ముసలాయన బిళ్ల ఇచ్చాడు. బసవన్న అతని జత తీసి, మట్టి దులిపి, కాళ్ల ముందు పెట్టాడు. ఆయన వెళ్లేదాకా ఆగాడు.

"నాయనకు తెలుసునా?"

"నాయన పోయి పదకొండేండ్లు."

బసవన్న తల ఊపాడు. పొలంలో గొర్రు పట్టి ప్రతి సాలు చివరా కూలబడే కొడుకును చూసి ఊరంతా నవ్వితే తండ్రి తట్టుకోలేకపోయాడు. బద్ధకం వదలాలని శనివారం శనివారం ఒక్కపొద్దు పట్టించాడు. కొడుకు మీద ప్రేమ లేక కాదు. రెండేళ్లు అలా సాగింది. ఒక్కపొద్దు ఉన్న రోజుల్లో బసవన్న కాళ్లు మరీ చచ్చుబడేవి. ఒక శనివారం ధాన్యపు గరిసె వెనక నక్కి బెల్లం ముక్క తింటూ దొరికాడు. తండ్రి చర్నాకోల తీశాడు. మర్నాడు పొద్దున్నే బసవన్న ఇల్లు వదిలాడు.

"అట్లాంటి ఒంటికి ఉపాసం పెడితే ఉన్న మంట గూడా ఆరిపోతాదంట. డాక్టరు రమణికి గట్టిగా చెప్పినాడు," అంది గిడ్డమ్మ. తర్వాత నేల చూస్తూ, "బెల్లం సంగతి నాయనకు చెప్పింది నేనే," అంది.

"తెలుసులే. నీ నోట్లో నువ్వుగింజ నానదు గదా."

ఆమె నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మధ్యాహ్నం బయలుదేరారు. బస్సు ఆగే చోటు రెండు ఫర్లాంగులు. సంచి గిడ్డమ్మ పట్టుకుంది. అతను కూర్చున్న ప్రతిచోటా ఆమె కూడా కూర్చుంది, తొందరపెట్టలేదు. నాలుగోసారి కూర్చున్నప్పుడు రోడ్డు మలుపులో బస్సు కనిపించింది. గిడ్డమ్మ చెయ్యి ఊపుతూ ముందుకు పరుగెత్తింది. డ్రైవరు ఆపాడు. బసవన్న లేవలేదు.

"నువ్వు ఎక్కు అక్కా. రమణి ఒక్కతే ఉండాది. నేను రోజూ ఇంత నడిచి అలవాటు చేసుకుంటా. రాములవారి కల్యాణం అయినాక వస్తా. మనూర్లో బస్సు దిగి, ఇంటిదాకా కూచోకుండా నడవల్ల."

"కూచుంటే ఏమిరా? నేనూ కూచుంటా."

అతను అడ్డంగా తల ఊపాడు. కండక్టరు విసుక్కున్నాడు. గిడ్డమ్మ సంచి తమ్ముడి పక్కన పెట్టి, వెనక్కి చూస్తూనే ఎక్కింది.

మరుసటి రోజు నుంచి బసవన్న సాయంత్రం పూట ఆ దారిన నడిచాడు. జీవమ్మ కొట్టు ముందు నిలబడి లెక్కపెట్టి, ఫోనులో గిడ్డమ్మకు చెప్పేది. మొదటి నెలలో ఒక్కో నడకకు ఏడుసార్లు కూర్చునేవాడు. ఉగాదికి అయిదు. అంతకన్నా తగ్గలేదు. ఊళ్లో గిడ్డమ్మ, బస్సు దిగేచోటి నుంచి తన గడప దాకా తానే అడుగులు వేసి చూసుకుని, అయిదు చోట్ల గోడల నీడన నాపరాతి బండలు వేయించింది. ఎవరికోసమని అడిగినవాళ్లకు, మా తమ్మునికి అని చెప్పింది.

బసవన్న ఊరికి తిరిగి రాలేదు. కల్యాణం జరిగిన మూడో నాడు, 2025 ఏప్రిల్ 14, సోమవారం పొద్దున, ఒంటిమిట్టలోనే పోయాడు.